సాహెబ్ వచ్చేదాకా అన్నం ముట్టనన్నవాడు

మా తమ్ముడు హాతెమ్ అలీ పదకొండేళ్ళు అన్నం తినలేదు. రోగం వల్ల కాదు, లేమి వల్ల అసలే కాదు. ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు ఉడకబెట్టి, కళ్ళంలో ఆరబోసి, కాళ్ళతో తిరగేసే పని వాడిది. పొద్దస్తమానం ఆ ఉడికిన వడ్ల వాసనలోనే ఉండి, ఇంటికొచ్చి ఎండు రొట్టె నమిలేవాడు. ఇదంతా నోటిదురుసుతనం వల్ల వచ్చింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ వాడికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. వింటేనా!

అది మావాడు ప్రాణం పెట్టే పార్టీ నాయకుడు సాలెహీన్ సాహెబ్ దేశం విడిచి వెళ్ళిన వారం. వెళ్ళగొట్టారని ఆయన మనుషులన్నారు, పారిపోయాడని అవతలి పార్టీవాళ్ళన్నారు. మిల్లు గేటు ఎదురుగా ఉన్న కుద్దుస్ హోటల్లో మావాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు. కుద్దుస్ అవతలి పార్టీ మనిషి. వడ్డించేవాడు వడ్డించి ఊరుకోవచ్చు కదా, "ఏం హాతెమ్, మీ సాహెబ్ విమానం ఎక్కేశాడటగా! ఇక బతికుండగా దిగడు. పప్పులో ఇంత నిమ్మకాయ పిండుకుని తిను, బాధ తగ్గుతుంది" అన్నాడు. హోటల్లో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. మావాడు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

"ఆయన ఈ నేలమీద మళ్ళీ కాలు పెట్టేదాకా అన్నం మెతుకు ముట్టను. అల్లా మీద ఒట్టు" అన్నాడు.

"శుక్రవారం దాకా ఉండు చాలు, అదే గొప్ప" అన్నాడు కుద్దుస్.

సాహెబ్ అంటే వాడికంత ప్రాణం ఎందుకంటే, కారణం లేకపోలేదు. మా చిన్నతనంలో మా నాన్న పాత మిల్లులో వడ్లు ఉడికించే డ్రమ్ము పేలి చనిపోయాడు. తప్పంతా నీ మొగుడిదేనని మా అమ్మను గేటు బయటే నిలబెట్టారు. అప్పుడు సాలెహీన్ సాహెబ్ మా జిల్లా కోర్టులో కుర్ర ప్లీడరు. ఫీజు అడక్కుండా కేసు వాదించాడు. మా పాకలో, మా చాప మీద కూర్చుని, మా అమ్మ పెట్టిన చద్దన్నం పచ్చిమిరపకాయ నంజుకుని తిన్నాడు. అది హాతెమ్ చూశాడు, నేనూ చూశాను. నాకూ ఆయనంటే గౌరవమే. గౌరవం ఉంటే ఎదురుపడినప్పుడు సలాం పెడతారు గానీ కంచం తోసేస్తారా ఎక్కడైనా?

శుక్రవారం గడిచింది. ఆ తర్వాత నెల గడిచింది. ఊరివాళ్ళకు వేళాకోళం పోయి సందేహాలు మొదలయ్యాయి. మరమరాలు అన్నం కిందికి వస్తాయా, రావా? మసీదు ఇమాం గారి దగ్గరికి పంచాయితీ వెళ్ళింది. ఆయన గడ్డం నిమురుకుని, "అన్నం మీద అలగకూడదు నాయనా. కోపంలో వేసిన ఒట్టుకు దారి ఉంది. పదిమంది పేదలకు కడుపునిండా భోజనం పెట్టు, ఒట్టు తీరిపోతుంది. హాయిగా తిను" అన్నాడు. మావాడు తల అడ్డంగా ఊపాడు. "దారి కోసం వేశానా హుజూర్ ఒట్టు? వడ్లలోంచి పుట్టిందేదైనా నాకు వడ్లే" అన్నాడు. ఆ ఒక్క మాటతో మరమరాలు, అటుకులు, చలికాలంలో ఖర్జూర బెల్లంతో మేము చేసుకునే బియ్యప్పిండి కుడుములు అన్నీ పోయాయి. పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే అలా ఉంటుంది. ఊళ్ళో రొట్టె హాతెమ్ అనే పేరు మాత్రం మిగిలింది.

మా వైపు దారిలో మనిషి ఎదురైతే మొదట అడిగే మాట "అన్నం తిన్నావా?" అనే. తిన్నా తినకపోయినా "ఆ, తిన్నాను, నువ్వో?" అంటారు. పలకరింపంటే అదే మాకు. వాడినలా అడగడానికి అందరికీ మొహమాటం. కొన్నాళ్ళకు ఏమడగాలో తోచక తల పంకించి పక్కనుంచి పోవడం అలవాటు చేసుకున్నారు. పెళ్ళిళ్ళకు పిలిస్తే వాడి కోసం విడిగా రొట్టెలు చేయాలి, అందుకని పిలవడం మానేశారు. మిల్లు కూలీలంతా మధ్యాహ్నం వరుసగా కూర్చుంటే వాడు గోడ పక్కకు పోయి కూర్చునేవాడు. మనుషుల మధ్యే ఉంటూ మనుషులకు దూరమైపోయాడు నా తమ్ముడు. నాకెంత ఒళ్ళు మండేదో అంత జాలీ వేసేది.

వాడిని వదలని వాళ్ళు పార్టీవాళ్ళే. తాలూకా నాయకుడికి కుడిభుజం మింటూ తాలూక్‌దార్ అని ఒకడున్నాడు. ఎప్పుడు మీటింగు జరిగినా వ్యాను పంపేవాడు. హాతెమ్‌ను వేదిక మీద నిలబెట్టి, మెడలో దండ వేసి, "సాహెబ్ కోసం అన్నం మానేసిన త్యాగమూర్తి!" అని మైకులో అరిచేవాడు. మీటింగయ్యాక అందరికీ బిర్యానీ పొట్లాలు పంచేవాళ్ళు. మావాడు దండ చేత్తో పట్టుకుని ఖాళీ కడుపుతో ఇంటికొచ్చేవాడు.

ఇంట్లో మరదలు మొమేనా మాత్రం ఏమీ అనేది కాదు. వాడికి రొట్టెలు కాల్చి పెట్టి, తనూ కూతురు పారుల్ అన్నం తినేవాళ్ళు. మొదట్లో తనూ రొట్టెలే తింటానంది గానీ, వాడే వద్దన్నాడు. పారుల్‌కు పెళ్ళయి బొగురా పట్నం వెళ్ళాక ఆ ఇంట్లో ఒక మనిషికి సరిపడా అన్నమే ఉడికేది.

తర్వాత మొమేనాకు కడుపులో గడ్డ లేచింది. ఆస్పత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పారుల్ వచ్చి తల్లి దగ్గర ఉంది. అది కొత్త వడ్ల కాలం. ఒకరోజు మొమేనాకు కాస్త తెరిపిగా అనిపించి, కొత్త బియ్యం అన్నం, చిన్నచేపల పులుసు కావాలంది. పారుల్ వండింది. హాతెమ్ కంచం తెచ్చి ముందు పెట్టి, తన రొట్టె పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"ఇవాళ ఒక్క కంచంలో తిందామా?" అని అడిగింది మొమేనా.

వాడు చేతిలోని రొట్టె తుంపాడు.

"ఒక్క ముద్దేనయ్యా. ఎవరికీ చెప్పను. పారుల్ కూడా చెప్పదు."

వాడి కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. నేను గుమ్మంలోనే ఉన్నాను. తిని చావరా అని అరుద్దామనుకున్నాను, మొమేనా మొహం చూసి ఆగాను.

"ఆయన్ని రానీ మొమేనా. వచ్చిన రోజు నీ చేత్తోనే తింటాను" అన్నాడు.

మొమేనా సరేనన్నట్టు తలూపింది. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపింది. ఆ వారంలోనే పోయింది.

నాలుగోరోజు ఆచారం ప్రకారం ఊళ్ళో బీదాబిక్కీని పిలిచి భోజనాలు పెట్టాం. హాతెమ్ స్వయంగా వడ్డించాడు. అందరూ చేతులు కడుక్కున్నాక ఇమాం గారు వాడి భుజం మీద చెయ్యి వేసి, "పదిమందికి పెట్టమన్నాను, వందమందికి పెట్టావు. ఒట్టు తీరింది హాతెమ్. మీ ఆవిడ పేరు చెప్పుకుని ఇంత తిను" అన్నాడు. పారుల్ పళ్ళెంలో అన్నం పెట్టుకుని తండ్రి ముందుకు వచ్చింది. వాడు ముఖం తిప్పుకున్నాడు. ఆ పిల్ల పళ్ళెం కింద పెట్టి, ఏడుపు కూడా లేని గొంతుతో, "నువ్వు అన్నం తిన్న రోజునే ఈ గడప తొక్కుతాను నాన్నా. అప్పటిదాకా నాకు పుట్టిల్లు లేదు" అంది. ఆ సాయంత్రం బస్సెక్కినది మళ్ళీ రాలేదు. ఫోన్ చేసినా నాతోనే మాట్లాడేది. మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, తండ్రి రక్తమే కదా మరి!

నేను వాడిని తిట్టని తిట్టు లేదు. "ఒక్క ముద్ద తింటే కూతురు ఇంటికొస్తుంది కదరా, నీ పంతం పాడుగాను!" అనేదాన్ని. ఒకసారి మాత్రం బదులు చెప్పాడు.

"ఇప్పుడు తింటే, దానికెందుకు కాదన్నట్టక్కా?"

భార్యకు కాదన్న ముద్దను ఇంకెవరి కోసమూ తినలేకపోయాడు. సాహెబ్ తిరిగొస్తే తప్ప వాడికి కూతురు లేదు. పార్టీ గెలుపూ ఓటమీ వాడికి పట్టేవి కావు. మసీదు నుంచి వస్తూ ప్రతిరోజూ కుద్దుస్ హోటల్ టీవీ ముందు ఆగి, సాహెబ్ వార్తేమైనా ఉందా అని చూసి వచ్చేవాడు.

ఈ ఏడాది ఎన్నికలు ప్రకటించారు. సాహెబ్ మీద కేసులు కొట్టేశారు. ఆయన వస్తున్నాడన్నారు. మిల్లు ఆపేసి అందరూ కుద్దుస్ హోటల్లో టీవీ ముందు చేరారు. నేనూ వెళ్ళాను. విమానం తలుపు తెరుచుకుంది. జుట్టంతా పోయిన ఒక ముసలాయన రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగుతున్నాడు.

"ముసలివాడైపోయాడక్కా!" అన్నాడు హాతెమ్, అదేదో తనకే జరిగిన అన్యాయంలా.

కాలు నేలకు ఆనగానే హోటలంతా కేకలు. కుద్దుస్ వేడివేడి అన్నం కంచం పట్టుకొచ్చి మావాడి ముందు పెట్టాడు. "నేనోడిపోయాను తమ్ముడూ. ఆ రోజు నోరు పారేసుకున్నది నేనే. నా చేతి అన్నం దగ్గరే లేచిపోయావు, నా చేతి అన్నంతోనే మొదలుపెట్టు" అన్నాడు. అవతలి పార్టీవాడైనా పాపం ఏడ్చాడు. హాతెమ్ వాడి చెయ్యి పట్టుకుని, "నీ మీద కోపం లేదు కుద్దుస్. ముందు పారుల్ రావాలి" అని, నా ఫోన్ అడిగి తీసుకున్నాడు.

"అమ్మా, ఆయన వచ్చేశాడు" అన్నాడు ఫోన్లో.

"రేపు వస్తాను. నువ్వేం వండకు, నేనే తెస్తాను" అంది పారుల్.

ఆ మర్నాడు వాడు ఇల్లంతా ఊడ్చి, తెల్లటి జుబ్బా తొడుక్కుని, వాకిట్లో చాప వేసి, తీసి, మళ్ళీ వేశాడు. ఇంత సంబరం మొహంలో చూసి ఎన్నేళ్ళయిందో. అంతలో వాకిట్లో వ్యాను ఆగింది. మింటూ తాలూక్‌దార్! ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి అని ఊరికే అనలేదు.

"బాబాయ్, తినేశావా ఏంటి కొంపదీసి?" అన్నాడు దిగుతూనే.

"ఇంకా లేదు బాబూ. మా అమ్మాయి వస్తోంది."

"అమ్మయ్య! బతికించావు. ఆదివారం హైస్కూలు గ్రౌండులో సాహెబ్ మీటింగు. నీ సంగతి ఆయనకు చెప్పాం. తన చేత్తో తనే మొదటి ముద్ద పెడతానన్నారు. టీవీలవాళ్ళు వస్తారు. అప్పటిదాకా ఇంకొక్క నాలుగు రోజులు ఓర్చుకో, పదకొండేళ్ళు ఓర్చుకున్నవాడివి!"

"మాట తీరిపోయింది కదా బాబూ, నిన్ననే."

"తీరితే తీరింది. జనానికి కనబడాలి కదా?"

హాతెమ్ చాప అంచు సర్దుతూ, "సాహెబ్‌కి మొమేనా సంగతి చెబుతారా?" అని అడిగాడు.

"ఎవరు మొమేనా?"

"నా భార్య. పోయింది. నేను అన్నం తినడం చూడకుండానే పోయింది."

"ఓ, ఆవిడా! చెబుదాం, చెబుదాం. మైకులో పేరు చదివిస్తాను సరేనా?" అని మింటూ వ్యానెక్కాడు.

వాడు పోగానే నేను అందుకున్నాను. "ఓట్ల కోసం వచ్చిన ఆ వెధవ మాట పట్టుకుని ఆగుతావా ఏంట్రా? పిల్ల దారిలో ఉంది!"

"అది కాదక్కా. సాహెబ్ తన చేత్తో పెట్టి, మొమేనా పేరు నలుగురిలో చెబితే, నేను ఎందుకు కాదన్నానో ఊరికి తెలుస్తుంది. దానికీ తెలుస్తుంది."

"చచ్చిపోయినదానికి మైకులో వినబడుతుందట్రా?"

ఏం చేస్తాడో నాకు అర్థమైపోయింది.

మధ్యాహ్నానికి పారుల్ బ్యాటరీ రిక్షాలో దిగింది. చిక్కిపోయింది. చేతిలో గుడ్డ కట్టిన రెండు అరల గిన్నె, దాని మీద మొమేనా తినే పెద్ద పింగాణీ కంచం. ఆ కంచం తల్లి పోయినప్పుడు గుర్తుగా తనతో తీసుకుపోయింది. ఒక్కటే కంచం. వాకిలి దాటి గడప దగ్గర ఆగింది, లోపలికి అడుగు పెట్టలేదు.

"కొత్త బియ్యం నాన్నా. చిన్నచేపలు కూడా దొరికాయి. చల్లారిపోకముందే కూర్చో. నువ్వొక ముద్ద తినగానే నేను లోపలికొస్తాను" అంది.

హాతెమ్ చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "తల్లీ, ఆదివారం దాకా ఆగుతావా? సాహెబ్ తనే పెడతాడట. అమ్మ పేరు మైకులో చెబుతారట. నువ్వూ వద్దువుగాని, ముందు వరసలో కూర్చుందువుగాని. ఆ రోజు సాయంత్రం ఇద్దరం ఇంట్లో..."

"ఆయన్ని రానీ అన్నావు అమ్మతో."

"అవునమ్మా..."

"వచ్చాడుగా నాన్నా."

పారుల్ గిన్నె గడప మీద పెట్టింది. కంచం దాని పక్కనే పెట్టింది. కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది. నేను వెంటపడి రిక్షా దగ్గర చెయ్యి పట్టుకున్నాను. "వాడికి బుద్ధి లేదే, నీకైనా ఉండాలి కదా! ఒక్క నాలుగు రోజులే తల్లీ!"

"ఆదివారం ఎదురుచూపులు నా వల్ల కాదత్తా. నువ్వు లోపలికెళ్ళు, ఎండగా ఉంది" అంది. రిక్షా వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి ఉన్న కోపమంతా వాడి మీద కక్కేశాను. "నీ ఒట్టు నిన్నే తీరింది. ఇప్పుడెవరి ఒట్టు మోస్తున్నావురా? మింటూగాడి ఓట్ల ఒట్టా? నాన్న కోసం కోర్టులో నిలబడ్డ ఆ మనిషి కూడా మన ఇంట్లో చాప మీద కూర్చుని అన్నం తిన్నాడు గానీ, ఎవర్నీ మాడి చావమనలేదు. పెళ్ళాన్ని పంపించేశావు, పిల్లని పంపించేశావు, ఇక తిను మైకు ముందర!"

వాడు రిక్షా పోయిన దారి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారిగా లేచి పరుగెత్తాడు, తెల్లజుబ్బాతో, చెప్పుల్లేకుండా. నా తమ్ముడు అలా పరుగెత్తడం నేను చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఆ రోజే చూశాను. బజారు దాకా పోయాడట. బొగురా బస్సు అప్పుడే కదిలిందట. రొప్పుతూ వచ్చి, గడప మీదే చతికిలబడి, గుడ్డ ముడి విప్పాడు. అన్నం ఇంకా గోరువెచ్చగా ఉంది.

కంచంలో పెట్టుకున్నాడు. పులుసు పోసుకుని కలిపాడు. రొట్టె తుంపడానికి అలవాటుపడ్డ చెయ్యి, ముద్ద నిలవడం లేదు, మెతుకులు జారిపోతున్నాయి. నోట్లో పెట్టుకుని ఎంతసేపు నమిలాడో. నేను పక్కన కూర్చోబోతే, "వద్దక్కా, ఇది పారుల్ చోటు" అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. వాడు మెతుకు వదలకుండా తిన్నాడు. ఏడవలేదు. కంచం కడిగి బోర్లించాడు.

ఆ కబురు మింటూకి ఎలా తెలిసిందో, సాయంత్రానికల్లా నా ఫోనుకు ఫోన్ చేశాడు. "సర్వనాశనం చేశాడే! సరే, జరిగిందేదో జరిగింది. తిన్నట్టు ఎవరికీ చెప్పొద్దనండి. ఆదివారం వేదిక మీద మళ్ళీ మొదటిసారి తింటాడు, సరిపోతుంది" అన్నాడు. ఆ మాటే హాతెమ్‌కు చెప్పి ఫోన్ ఇచ్చాను. "తిన్నాను బాబూ. తిన్నవాణ్ణి తినలేదని ఎలా అంటాను?" అని ఫోన్ నాకిచ్చేశాడు. ఆదివారం మీటింగుకి పక్క ఊరి నుంచి ఒకణ్ణి తెచ్చారు. వాడు సాహెబ్ వచ్చేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకున్నాడట. సాహెబ్ వాడికి కొత్త చెప్పులు తొడిగాడని అందరూ చప్పట్లు కొట్టారు. మొమేనా పేరు ఏ మైకులోనూ వినబడలేదు.

ఆ రోజంతా హాతెమ్ కళ్ళంలోనే ఉన్నాడు. మిగతావాళ్ళంతా మీటింగుకి పోతే, ఎండలో వడ్లు వాడొక్కడే తిరగేశాడు. నేను మిల్లు గోడ నీడలో కూర్చుని పారుల్‌కు ఫోన్ చేశాను. నాలుగు రోజులుగా తియ్యనిది ఆ రోజు తీసింది.

"తిన్నాడే తల్లీ! నువ్వటు వెళ్ళగానే తిన్నాడు. నీ వెనకాల బజారు దాకా పరుగెత్తాడు, బస్సు అందలేదు. ఇక నీ ఒట్టు కూడా తీరినట్టే. రా, వచ్చెయ్యి" అన్నాను.

"ఎవరితో తిన్నాడత్తా?"

"ఎవరున్నారే వాడికి? ఒక్కడే తిన్నాడు."

"అమ్మ కూడా ఒక్కతే తింది" అంది పారుల్. ఫోన్ పెట్టేసింది.

హాతెమ్ వడ్ల మధ్యలో ఆగి, "ఏమంది?" అని అక్కణ్ణుంచే అడిగాడు. వస్తానందని చెప్పి ఉంటే ఏం పోయేది? కానీ ఈ ముదనష్టపు నోటికి అబద్ధం రాదు. ఆ పిల్ల అన్నది అన్నట్టే చెప్పేశాను.

వాడికి కోపం రాలేదు. మళ్ళీ కాళ్ళతో వడ్లు తిరగేస్తూ, "అవునక్కా, ఒక్కతే తింది. నేను పక్కనే కూర్చుని చూశాను కదా" అన్నాడు.